మొక్కజొన్నయు నాగలియు: ఉష్ణదేశపు నేలల చరిత్రలో ఒక అధ్యాయము

నాగలి నాగరకతకు చిహ్నమని పెద్దలు చెప్పుదురు. నాగలి సాగిన చోట గ్రామము వెలసినది. గ్రామము వెలసిన చోట గుడియు, బడియు, గ్రంథాలయమును పుట్టినవి. ఏరువాక పున్నమినాడు ఎడ్లను కడిగి, కొమ్ములకు రంగులు పూసి, కాడికి పసుపు కుంకుమలు పెట్టి పూజించు ఆచారము తెలుగుసీమలో తరతరములుగా వచ్చుచున్నది. అట్టి నాగలి కొన్ని నేలలలో, కొన్ని వాతావరణములలో, మేలుకన్న కీడే ఎక్కువ చేయునని ఎవరైన అన్నచో వినువారికి వింతగా తోచక మానదు. కాని ఇరువదవ శతాబ్దమున అమెరికా, ఆఫ్రికా, భారత దేశములలో జరిగిన పరిశోధనలు సరిగా ఈ ప్రశ్ననే లేవదీసినవి. దున్నవలెనా, మానవలెనా? దున్నినచో ఎంత లోతు? కోత యైన పిదప మిగిలిన చొప్పను పీకి తగులబెట్టవలెనా, నేలపై పరచి కప్పవలెనా? ఈ ప్రశ్నలకు సమాధానము వెదకుటలో శాస్త్రజ్ఞులు తఱచుగా సాక్షిగా నిలిపిన పంట మొక్కజొన్న. ఆ సాక్ష్యము ఏమి చెప్పెనో, దానివలన సామాన్య కృషీవలుడు గ్రహింపదగినది ఏమో తెలుపుటయే ఈ వ్యాసముయొక్క ఉద్దేశము.

నాగలి నెఱుగని పంట

మొక్కజొన్నకు జన్మభూమి మెక్సికో దేశము. ఆ దేశమునకు నైఋతి భాగమునగల బల్సాస్ నదీలోయలో టియోసింటె అను ఒక అడవిగడ్డిని సుమారు 9,000 సంవత్సరములకు పూర్వము అచ్చటి ప్రజలు సాగులోనికి తెచ్చి, తరతరముల ఎన్నికచేత మొక్కజొన్నగా మార్చిరి. ఆ గడ్డికంకికి పట్టుమని పండ్రెండు గింజలైనను ఉండుట అరుదు. దానినుండి వందలకొలది గింజలుగల కంకిని సాధించిన ఆ అజ్ఞాత కర్షకులు ఏ శాస్త్రజ్ఞునికిని తీసిపోవువారు కారు.

ఇందు గమనింపదగిన విశేష మొకటి కలదు. ఆ ప్రజలకు నాగలి లేదు. నాగలిని లాగు పశువులును లేవు. మొన చెక్కిన కఱ్ఱతో నేలలో రంధ్రము చేసి, గింజలు వేసి, కాలితో మన్ను కప్పెడివారు. మొక్కజొన్న ప్రక్కన చిక్కుడు జాతి తీగయు, నేలపై గుమ్మడితీగయు పెంచెడివారు. గుమ్మడి ఆకులు నేలను గొడుగువలె కప్పి ఎండనుండియు వాననుండియు కాపాడెడివి. 1492లో కొలంబసు అమెరికా చేరిన పిదపనే ఐరోపావారి నాగలి ఆ ఖండమున అడుగు పెట్టెను. మొక్కజొన్న మాత్రము ఎదురుదారిని సముద్రము దాటి, పదునారవ శతాబ్దమున ఆఫ్రికా తీరమును చేరి, క్రమముగా ఆసియా యందును వ్యాపించినది. అనగా వేలకొలది సంవత్సరములు నాగలి మొగము చూడకయే ఈ పంట మహారాజ్యములను పోషించినదన్నమాట.

చలిదేశపు నాగలి

మన్నును అడుగునుండి పైకి తిరుగవేయు బరువైన రెక్కనాగలి ఉత్తర ఐరోపాలో వృద్ధిచెందినది. అచ్చటి నేలలు చల్లనివి, చెమ్మ ఎక్కువగలవి. శీతకాలమంతయు మంచుక్రింద నున్న నేల వసంతమున వేడెక్కుటకు, నీరు ఆరుటకు, కలుపు చచ్చుటకు తిరుగవేసి దున్నుట ఉపకరించెను. ఇంగ్లండు దేశస్థుడైన జెత్రో టల్ 1733లో ప్రకటించిన తన గ్రంథమున, మొక్కలు మట్టికణములనే ఆహారముగా గ్రహించునని భావించి, మన్ను ఎంత మెత్తగా చేసిన పంట అంత బాగుండునని వాదించెను. మొక్కల ఆహారమును గూర్చిన అతని ఊహ తప్పని తరువాతి రసాయనశాస్త్రము నిరూపించినది. కాని మెత్తని దుక్కిపై అతడు కల్పించిన నమ్మకము మాత్రము పోలేదు. 1837లో అమెరికాలో జాన్ డీర్ అను కమ్మరి ఉక్కునాగలిని తయారుచేసెను. ఆ నాగలితో, తరువాత వచ్చిన ట్రాక్టరుతో, అమెరికా మధ్యభాగమునందలి గడ్డిమైదానములు కోట్లకొలది ఎకరములు దున్నబడెను.

దాని ఫలితము 1930 తరువాత వరుసగా వచ్చిన అనావృష్టిలో బయల్పడినది. గడ్డివేళ్ల కట్టుబాటు తెగిన మన్ను గాలికి లేచి ఆకాశమును కప్పెను. 1934 మే నెలలో లేచిన ధూళి రెండువేల మైళ్లు దాటి న్యూయార్కు, వాషింగ్టను నగరములపై పడినది. 1935 ఏప్రిల్ 14వ తేదీ ఆదివారమునాడు పట్టపగలే చీకటులు క్రమ్మినవి. నాటినుండి దానిని 'నల్ల ఆదివారము' అనిరి. ఆ నెలలోనే అమెరికా శాసనసభ భూసార రక్షణకై చట్టము చేసెను. లక్షలకొలది జనులు ఇల్లు వాకిలి విడిచి వలసపోయిరి.

అదే దశాబ్దమున ఇంగ్లండులోని రోథంస్టెడ్ పరిశోధన కేంద్రమున కీన్, రస్సెల్ అను శాస్త్రజ్ఞులు దుక్కిని గూర్చి పెక్కు ప్రయోగములు చేసి, కలుపును అణచుటకు మించిన అదనపు దుక్కులవలన దిగుబడి అంతగా పెరుగుట లేదని కనుగొనిరి. 1943లో ఎడ్వర్డ్ ఫాక్నర్ అను అమెరికను నాగలినే నిందించుచు ఒక గ్రంథము వ్రాయగా అది దేశమున పెద్ద దుమారమును రేపెను. 1962లో కెంటకీ రాష్ట్రమున హారీ యంగ్ అను రైతు ఎకరమునకు లోపుగల కమతమున దున్నకయే మొక్కజొన్న విత్తి పండించి చూపెను. కలుపును చంపు మందులు అప్పటికి వచ్చియుండుటచే ఆ పద్ధతి వ్యాపించుటకు మార్గ మేర్పడినది.

ఉష్ణదేశములలో ఎదురైన దెబ్బ

చలిదేశములలో పుట్టిన సాధనమును ఉష్ణదేశములకు యథాతథముగా తెచ్చినవారు పొందిన గుణపాఠము మఱింత కఠినమైనది. రెండవ ప్రపంచయుద్ధానంతరము నూనెగింజల కొరత తీర్చుకొనుటకై బ్రిటిషు ప్రభుత్వము 1947లో తూర్పు ఆఫ్రికాయందు, ముఖ్యముగా టాంగనీకాలో, వేరుసెనగ పథకమును ప్రారంభించెను. 30 లక్షల ఎకరములకు పైగా సాగుచేయవలెనని వారి సంకల్పము. యంత్రములతో అడవి పెకలించి, నేల దున్నిరి. వాన వెలిసి ఎండ కాయగానే కోంగ్వా ప్రాంతపు నేల ఇటుకవలె గట్టిపడెను. పండిన కాయలను త్రవ్వి తీయుటయే దుర్లభమయ్యెను. 1951లో పథకమును మానివేయునాటికి సుమారు మూడుకోట్ల అరువది లక్షల పౌనులు వ్యర్థమైనవి. ధనమునకు కొదవలేదు, యంత్రములకు కొదవలేదు. కొదవ యైనది ఆ నేలను గూర్చిన జ్ఞానము మాత్రమే.

ఇబాదాన్ ప్రయోగములు

ఆ జ్ఞానమును సంపాదించుటకు పశ్చిమ ఆఫ్రికాలోని నైజీరియా దేశమున, ఇబాదాన్ నగరమునొద్ద, 1967లో అంతర్జాతీయ ఉష్ణమండల వ్యవసాయ సంస్థ స్థాపింపబడెను. 1970లో ఆ సంస్థకు నేలల భౌతికశాస్త్రజ్ఞుడుగా వచ్చినవాడు ఒక భారతీయుడు, రతన్‌లాల్. ఆయన 1944లో పశ్చిమ పంజాబున జన్మించెను. దేశవిభజన కాలమున ఆ కుటుంబము శరణార్థులై వచ్చి నేటి హర్యానాలో చిన్న కమతముపై బ్రతుకు సాగించినది. లూథియానాలోను, ఢిల్లీలోను, పిదప అమెరికాలోని ఒహాయోలోను విద్యనభ్యసించి ఆయన ఆఫ్రికా చేరెను.

ఇబాదాన్ పరిసరముల నేల ఇసుకపాలు ఎక్కువైనది. క్రింద గులకపొర కలది. సేంద్రియ పదార్థము పైనున్న కొద్ది అంగుళములకే పరిమితమైనది. ఆ పైపొర పోయినచో రైతునకు మిగులునది గులకఱాళ్లే. నూటికి 1, 5, 10, 15 వంతుల వాలుగల మళ్లు ఏర్పఱచి, కొన్నిటిని దున్నియు, కొన్నిటిని దున్నకయు, కొన్నిటిపై గడ్డి పఱచియు, పాఱిన నీటిని, కొట్టుకొనిపోయిన మన్నును తొట్లలో పట్టి తూచిరి. హెక్టారునకు 4 నుండి 6 టన్నుల గడ్డిని, అనగా ఎకరమునకు సుమారు ఒకటిన్నర మొదలు రెండున్నర టన్నులను పఱచినచో, నూటికి 15 వంతుల వాలునందు సైతము మన్ను కొట్టుకొనిపోవుట దాదాపు నిలిచిపోవుచున్నదని తేలినది. దున్నక, పాత చొప్పను నేలపై నుంచి, సందున మొక్కజొన్న విత్తిన మళ్లును అదేవిధముగా నిలిచినవి.

1970ల దశాబ్దము చివరి సంవత్సరములలో అడవి నఱకి చేసిన మఱియొక ప్రయోగము ఇంకను స్పష్టమైనది. మనుషులచేత చెట్లు నఱికించి, దున్నక విత్తిన భాగమున హెక్టారునకు అరటన్ను మన్నైనను పోలేదు. యంత్రములతో చెట్లను వేళ్లతో పెకలించి, దున్ని విత్తిన భాగమున సుమారు 20 టన్నులు, అనగా ఎకరమునకు ఎనిమిది టన్నుల మన్ను, కొట్టుకొనిపోయినది. అచ్చటి రైతులు పూర్వాచారము ననుసరించి అక్కడక్కడ చెట్లు మిగిల్చి కలిపి వేసిన పంటలలో మన్ను పోవుట ఇంచుమించుగా లేదు. అయితే వాటియందు దిగుబడియు స్వల్పమే. కావున పూర్వపద్ధతికి మరలిపోవుట కాదు, దాని రక్షణగుణమును నిలుపుకొని దిగుబడిని పెంచుట ఎట్లనునదే ఆ శాస్త్రజ్ఞుల ముందున్న సమస్య. ఈ కృషియు, తరువాత అమెరికాలో నేలలయందలి కర్బనమును గూర్చి చేసిన కృషియు కలిసి రతన్‌లాల్‌కు 2020లో ప్రపంచ ఆహార బహుమానమును, 2021లో భారత ప్రభుత్వపు పద్మశ్రీని సంపాదించిపెట్టినవి.

నేలలో జరుగునది ఏమి?

గడ్డిపఱచుటలో ఇంత మహిమ ఎక్కడిదని ప్రశ్న పుట్టవచ్చును. కారణములు నాలుగు.

మొదటిది ఎండ. ఉష్ణదేశమున దున్ని విడిచిన వట్టినేల మధ్యాహ్నవేళ రెండంగుళముల లోతున 40 డిగ్రీలకు మించి వేడెక్కుట కలదు. మొక్కజొన్న మొలకకు 30 డిగ్రీల పరిసరమున వేడి హితము. 35 దాటినచో దాని ఎదుగుదల మందగించును. గడ్డి కప్పిన నేల పలు డిగ్రీలు చల్లగా నుండును. చలిదేశమున ఇదే కప్పు మొలకను ఆలస్యము చేయును. అచ్చట దోషమైనది ఇచ్చట గుణమగుచున్నది. చలిదేశపు రైతు నేలను వేడిచేయుటకు దున్నెను. ఉష్ణదేశపు రైతునకు కావలసినది నేలను చల్లబఱచుట. ఈ ఒక్క భేదమును మఱచుటయే అనేక అనర్థములకు మూలము.

రెండవది వాన. ఉష్ణదేశపు వాన పెనుచినుకులతో, అదరగొట్టి కురియును. వట్టినేలపై పడిన చినుకు మట్టిబెడ్డను పగులగొట్టి, సన్నని కణములను లేపి, నేలలోని రంధ్రములను మూసివేయును. వాన వెలియగానే పైపొర అట్టకట్టును. తరువాతి వాన ఆ అట్టపై జాఱి, లోనికి ఇంకక, పల్లమునకు పాఱును. గడ్డి కప్పినచో చినుకు దెబ్బ గడ్డిపై పడి, నీరు మెల్లగా నేలకు దిగును.

మూడవది జీవరాశి. కప్పుక్రింద చల్లదనము, తేమ, ఆహారము ఉండుటచే వానపాములు వృద్ధిపొంది, నేలను తొలిచి, మన్నును పైకి తెచ్చి కుప్పలు పెట్టును. అవి ఏర్పఱచిన సన్నని గొట్టములగుండ నీరును గాలియు వేళ్లకు చేరును. ఎడ్లును నాగలియు లేకుండ, కూలి అడుగకుండ, ఇవి నేలను దున్నుచున్నవన్నమాట.

నాల్గవది సేంద్రియ పదార్థము. వేడిదేశమున దున్నినకొలది గాలి సోకి సేంద్రియ పదార్థము త్వరగా కాలిపోవును. మొదటి రెండు మూడు పంటలు బాగుగ కనుపించుట ఆ నిధి కరగుటవలననే. నిధి కరిగిన పిదప ఎంత ఎరువు వేసినను నేల నిలుపుకొనలేదు.

తెలుగుసీమ సాక్ష్యము

ఈ విషయము ఆఫ్రికాకే పరిమితమైనది కాదు. తెలంగాణములోని కరీంనగరు, నిజామాబాదు, వరంగల్లు, మహబూబ్‌నగరు ప్రాంతములలో మొక్కజొన్న చిరకాలముగా పండుచున్న పంట. 1957లో ప్రారంభమైన అఖిలభారత మొక్కజొన్న పరిశోధన పథకము ఫలితముగా 1961లో విడుదలయిన తొలి సంకర రకములలో 'దక్కన్' అనునది హైదరాబాదులోని అంబర్‌పేట పరిశోధన క్షేత్రమున రూపొందినదే. విత్తనము మాఱినది, కాని అది పడు చల్కనేల మాఱలేదు. చల్కనేల తడిసినపుడు మెత్తగా నుండి, ఆఱినపుడు ఱాయివలె గట్టిపడుట రైతులందఱు ఎఱిగినదే.

హైదరాబాదునకు చేరువ పటాన్‌చెరునందు 1972లో నెలకొల్పబడిన అంతర్జాతీయ మెట్టపంటల పరిశోధన సంస్థయందు, 1980ల చివర, ఆస్ట్రేలియాకు చెందిన క్వీన్స్‌లాండ్ శాస్త్రజ్ఞులతో కలిసి ఒక దీర్ఘ ప్రయోగము ఆరంభింపబడెను. అట్టి చల్కనేలలో కొన్ని మళ్లను దున్నక విడిచిరి. కొన్నిటిని 10 సెంటీమీటర్లు, కొన్నిటిని 20 సెంటీమీటర్లు దున్నిరి. వానిలో కొన్నిటిని వట్టిగాను, కొన్నిటిని పశువుల ఎరువుతోను, కొన్నిటిని వరిగడ్డి కప్పుతోను ఉంచిరి. దున్నిన తరువాత సుమారు ఇరువది దినములు మాత్రమే నీరు ఎక్కువగా ఇంకినది. పిదప మట్టిబెడ్డలు కరిగి అట్టకట్టగా దున్నినమళ్లలోనే నీరు ఎక్కువగా పాఱిపోయినది. సగటున దుక్కివలన సంవత్సరమునకు 26 మిల్లీమీటర్ల నీరు అదనముగా ఇంకగా, వరిగడ్డి కప్పువలన 127 మిల్లీమీటర్లు, అనగా సరిగా అయిదంగుళముల నీరు, అదనముగా ఇంకెను. ఎకరమునకు లెక్కించినచో అది అయిదులక్షల లీటర్లకు పైమాట. వానకై ఆకాశము వంక చూచు మెట్టరైతునకు ఆ అయిదంగుళములు ఎట్టివో వేరుగ చెప్ప నక్కఱలేదు.

కోస్తా జిల్లాల కథ వేఱొక తీరున నడచినది. కృష్ణా, గుంటూరు, పశ్చిమ గోదావరి మండలముల మాగాణులలో వరికోత తరువాత మినుము చల్లుట పూర్వాచారము. పల్లాకు తెగులుచేతను, బంగారుతీగ అను పరాన్నజీవి కలుపుచేతను మినుము దెబ్బతినగా, ఈ శతాబ్దపు మొదటి దశకమున పలువురు రైతులు వరి కోసిన మడిలో దున్నకయే మొక్కజొన్న విత్తసాగిరి. దమ్ముచేసిన రేగడిని కోత తరువాత దున్నినచో పెద్దపెద్ద బెడ్డలు లేచును, తేమ ఆవిరియగును, రెండు వారముల అదను పోవును. అందుచే వరిమోళ్ల నడుమ వరుసగా రంధ్రములు చేసి, విత్తనము వేసి, తరువాత తడులు పెట్టిరి. పద్ధతి ఫలించి వేలకొలది ఎకరములకు వ్యాపించినది. మెక్సికోలోని ప్రాచీన కర్షకుని మొనకఱ్ఱ పేరు గుంటూరు రైతు విని యుండకపోవచ్చును. కాని నేలయు, కాలమును ఇద్దఱకు ఒకే యుక్తిని నేర్పినవి.

చిక్కులును కలవు

ఇట్లని నాగలిని అటకపై పెట్టుటయే మార్గమనుట తొందరపాటు. 2015లో 63 దేశములలో జరిగిన 610 పరిశోధనలను ఒకచోట చేర్చి పరిశీలింపగా, కేవలము దున్నుట మానినంతమాత్రమున దిగుబడి పెరుగదనియు, సగటున కొంత తగ్గుననియు తేలినది. దుక్కి మానుటతోపాటు చొప్పను నేలపై నుంచి, పంటను మార్చి వేసినపుడు మాత్రము, వర్షాధారమైన మెట్ట ప్రాంతములలో దిగుబడి పెరిగినది. అనగా బలము దున్నకపోవుటలో కాదు, కప్పుటలో ఉన్నది. కప్పులేక దుక్కి మానిన చల్కనేల అట్టకట్టి మఱింత చెడును.

కప్పుటకు గడ్డి ఎక్కడిదనునది అసలు చిక్కు. చొప్ప పశువుకు మేత, పేదయింట వంటచెఱకు, గుడిసెకు కప్పు. పశువు నోటిది తీసి నేలకు పెట్టుమని చెప్పుట సులభము, చేయుట కష్టము. మొక్కజొన్న చొప్ప నేలపై క్రుళ్లునపుడు కొంతకాలము నత్రజనిని తానే పట్టియుంచును. అందుచే పైరు తొలిదశలో పసుపువారకుండ నత్రజని ఎరువును కొంచెము ముందుగా వేయవలసివచ్చును. కాండము తొలుచు పురుగు పాతమోళ్లలో దాగియుండును. దుక్కి అణచెడి కలుపును మందుచేత అణచవలసివచ్చుట మఱియొక చిక్కు. అట్టి మందులలో పారాక్వాట్ వంటిది పొరపాటున మ్రింగినచో విఱుగుడు లేని ఘోరవిషము.

ఐనను ఉపాయములు లేకపోలేదు. మధ్య అమెరికాలోని హోండురాసు ఉత్తరతీరమున రైతులు దూలగొండి జాతి తీగను మొక్కజొన్న పొలములో పెంచి, దానిని నఱకి నేలపై పఱచి, ఆ పఱపులోనే మరల మొక్కజొన్న విత్తుచు కొండవాలులను కాపాడుకొనిరి. తెలుగుసీమలో పిల్లిపెసర, జనుము, అలసంద అట్టి పనికి యోగ్యములే. గట్లపై పెంచిన గిరిపుష్పము కొమ్మలు, పశువులు తినక విడిచిన చొప్పమొదళ్లు, రాలిన ఆకు సైతము నేలకు కప్పే యగును. పొలమంతయు కప్పలేనివాడు మొక్కవరుసల మొదళ్లనైనను కప్పవచ్చును.

ఒక్క అంగుళము పైమన్ను ఏర్పడుటకు శతాబ్దములు పట్టును. అది కొట్టుకొనిపోవుటకు కొలది పెనువానలు చాలును. తండ్రి కొడుకునకు ఇచ్చు ఆస్తి పొలముగట్టుల నడుమ ఎన్ని ఎకరములున్నవను దానిలో లేదు. ఆ గట్టుల నడుమ ఎంత పైమన్ను మిగిలినదను దానిలో ఉన్నది. దస్తావేజులో ఎకరములు తగ్గకయే ఆస్తి తగ్గిపోవుట ఇట్లే జరుగుచున్నది. కావున ఏరువాకనాడు నాగలిని పూజించు చేతితోనే, కోతనాడు చొప్పకు నిప్పు పెట్టునపుడు ఒక్క క్షణము ఆగి యోచించుట ఉచితము. ఎచ్చట దున్నవలెనో, ఎచ్చట మానవలెనో, ఎచ్చట కప్పవలెనో తన నేలను చూచి నిర్ణయించుకొనువాడే నిజమైన కృషీవలుడు. మెక్సికో కర్షకుని కఱ్ఱనుండి ఇబాదాన్ తొట్లవఱకు, పటాన్‌చెరు మళ్లవఱకు సాగిన ఈ చరిత్ర బోధించునది ఇదియే.